యుద్ధకాలపు ప్రైమరీ డిబేట్లు: గట్టిగా మాట్లాడినవారే గెలిచినట్టా? అపోహలు - వాస్తవాలు

అమెరికా అధ్యక్ష పదవికి ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) డిబేట్ జరిగిన మర్నాడు నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: “మాస్టారూ, నిన్న ఎవరు గెలిచారు?” నార్త్ కరోలినాలో ఒక కాలేజీలో వాదన, వక్తృత్వం బోధిస్తూ, సెలవు రోజుల్లో హైస్కూలు డిబేట్ పోటీలకు జడ్జిగా కూర్చుంటూ ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి, ఆ ప్రశ్న నన్ను అడగడం సహజమే. అయితే దేశం యుద్ధంలో ఉన్నప్పుడు ప్రశ్న రూపం మారిపోతుంది. ఎవరు బాగా చెప్పారని కాక, ఎవరు గట్టిగా నిలబడ్డారని అడుగుతారు. ఇరాక్ యుద్ధం నడిచిన రోజుల్లో ఇది నేను వందసార్లు విన్నాను. ఆ తరువాత అఫ్ఘానిస్థాన్ గురించీ, ఐసిస్ గురించీ విన్నాను. ఇలా అడిగేవారి ఆందోళన నాకు తెలుసు. కానీ ఈ కొలబద్ద వల్ల ఓటర్లు నష్టపోయినంతగా మరి దేనివల్లా నష్టపోలేదని నా నమ్మకం.

అపోహ: యుద్ధకాలంలో తడుముకోకుండా, షరతులు పెట్టకుండా మాట్లాడిన అభ్యర్థే డిబేట్ గెలిచినట్టు, యుద్ధం గురించి సరైన నిర్ణయం తీసుకోగలిగేదీ ఆ అభ్యర్థే.

వాస్తవం: గొంతులోని గట్టిదనం వేరు, ఇచ్చిన మాటలోని గట్టిదనం వేరు. మొదటిది వినగానే తెలుస్తుంది. రెండోది తెలియాలంటే కాగితం మీద రాసుకోవాలి.

2007 సెప్టెంబర్ 26న న్యూ హాంప్‌షైర్‌లోని హనోవర్‌లో, డార్ట్‌మత్ కాలేజీలో జరిగిన డెమొక్రటిక్ డిబేట్ దీనికి నేను ప్రతి ఏడూ విద్యార్థులకు చూపించే ఉదాహరణ. దానికి సుమారు రెండు వారాల ముందే ఇరాక్‌లో అమెరికా సేనాధిపతి జనరల్ పెట్రేయస్ కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పారు. ఆ జనవరిలో బుష్ ప్రకటించిన అదనపు బలగాలతో ఇరాక్‌లో అమెరికా సైనికుల సంఖ్య లక్షా అరవై వేలు దాటి ఉంది. మోడరేటర్ టిమ్ రస్సర్ట్ సూటిగా అడిగారు: మీ తొలి పదవీకాలం ముగిసే 2013 జనవరి నాటికి ఇరాక్‌లో ఒక్క అమెరికా సైనికుడూ ఉండడని హామీ ఇస్తారా? ఒబామా ఇవ్వలేనన్నారు, అంత దూరం ముందుకు చూసి చెప్పడం కష్టమన్నారు. హిల్లరీ క్లింటన్ అది తన లక్ష్యమే అయినా తనకు ఏ పరిస్థితి వారసత్వంగా వస్తుందో తెలియదన్నారు. వాళ్లతో పాటు ముందు వరసలో ఉన్న జాన్ ఎడ్వర్డ్స్ కూడా హామీ ఇవ్వలేదు. బిల్ రిచర్డ్‌సన్ మాత్రం అందరినీ వెనక్కి రప్పిస్తానని నిస్సందేహంగా చెప్పారు.

ఆ రాత్రి మా ఊళ్లో ఒక తెలుగు మిత్రుల ఇంట్లో పదిహేను మందిమి కూర్చుని చూశాం. డిబేట్ ముగియగానే గదిలో తీర్పు వచ్చేసింది: ముందున్న ముగ్గురూ భయపడ్డారు, రిచర్డ్‌సన్ ఒక్కరే మగతనంతో మాట్లాడారు, ఈ ముగ్గురికీ ఓటు దండగ. ఆ మాటలు సాగుతుండగా తెనాలి నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడిన ఒక తల్లి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. ఆమె పెద్దకొడుకు సైన్యంలో చేరి అప్పటికి మూడు నెలలుగా ఇరాక్‌లో ఉన్నాడు. ఆ ఏప్రిల్‌లోనే సైనికుల విధి కాలాన్ని పన్నెండు నెలల నుంచి పదిహేను నెలలకు పెంచారు కాబట్టి, ఆమె క్యాలెండర్ మీద చుట్టిన తేదీని కొట్టేసి కొత్త తేదీ చుట్టుకోవలసి వచ్చింది. వెళ్లేముందు నా దగ్గరకు వచ్చి, “అన్నయ్యగారూ, ఎవరూ తీసుకురామంటున్నారా?” అని అడిగింది. గొంతు మీద తీర్పు చెప్పే అలవాటు ఎవరిని ఎంత బాధపెడుతుందో నాకు ఆ రోజు అర్థమైంది. ఎందుకంటే ఆ ముగ్గురు అభ్యర్థులూ చెప్పింది అది కాదు.

డిబేట్ జడ్జీలు వాదనలను వరుసల్లో రాసుకునే కాగితాన్ని ఫ్లో అంటాం. ఆ రాత్రి నా ఫ్లో మీద నాలుగు గళ్లు ఉన్నాయి: ఎవరు, ఏ దళాలు, ఎప్పటిలోగా, ఏ షరతు మీద. వాటిని నింపితే కనబడేది ఇది. ఆ ముగ్గురూ ఉపసంహరణ మొదలుపెడతామన్నారు. ముగ్గురూ పోరాట దళాలనూ మొత్తం దళాలనూ వేరు చేసి మాట్లాడారు. దౌత్య కార్యాలయ రక్షణకో, ఉగ్రవాద వ్యతిరేక చర్యలకో కొంత బలగం ఉండవచ్చన్నారు. అంటే రెండో గడిలో ముగ్గురికీ జవాబు ఉంది. హామీ లేనిది మూడో గడిలో, అదీ మిగిలిపోయే బలగం విషయంలో మాత్రమే. రిచర్డ్‌సన్ మొదటి మూడు గళ్లనూ గట్టిగా నింపారు కానీ, అంత బలగాన్ని, అన్ని వాహనాలను, సామగ్రిని అంత త్వరగా ఏ దారిన బయటికి తెస్తారో వివరించలేదు. ఇది ఆయన తప్పని తేల్చడానికి చెప్పడం లేదు. చిన్న బలగాన్ని వదిలితే అది ప్రమాదంలో పడుతుందన్న ఆయన వాదనలో బలం ఉంది. నేను చెప్పేది గదిలోని తీర్పు గురించి: ఆ తీర్పు గళ్లను చూడలేదు, గొంతును మాత్రమే విన్నది.

తరువాత జరిగింది చరిత్రలో ఉంది. ఇరాక్ ప్రభుత్వంతో 2008 నవంబర్‌లో ఒప్పందం మీద సంతకం చేసినది బుష్ ప్రభుత్వమే. 2011 డిసెంబర్ 31లోగా అమెరికా బలగాలన్నీ వెళ్లిపోవాలని అందులో రాశారు. 2009 ఫిబ్రవరి 27న ఒబామా మా రాష్ట్రంలోని క్యాంప్ లెజూన్ సైనిక స్థావరానికి వచ్చి, 2010 ఆగస్టు 31తో పోరాట కార్యక్రమం ముగుస్తుందని, ఆ తరువాత ముప్పై అయిదు వేల నుంచి యాభై వేల మంది ఉంటారని, 2011 చివరికి వాళ్లూ వచ్చేస్తారని ప్రకటించారు. చివరి వాహనాల వరస 2011 డిసెంబర్ 18న కువైట్‌లోకి దాటింది. హనోవర్‌లో ఆ ముగ్గురూ హామీ ఇవ్వని తేదీకి అది ఏడాదికి పైగా ముందు. పోరాట దళాలు ముందు, మిగిలినవి తరువాత అన్న విభజన మాత్రం 2007లో ఆ వేదిక మీద విన్నదే. కాగితం మీద రాసుకున్నవారికి అది కొత్త కాదు.

ఈ మాట ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం నేను స్వయంగా చేసిన తప్పు. హనోవర్ డిబేట్ జరిగిన ఏడాదే ఒక స్కూలు పోటీలో ఇరాక్ నుంచి ఉపసంహరణ మీద వాదం జరిగింది. ఒక పక్క పెద్ద గొంతున్న అబ్బాయి, మరో పక్క మెల్లగా మాట్లాడే అమ్మాయి. ఆ అమ్మాయి ప్రతి జవాబుకూ ముందు ఒక క్షణం ఆగి, “అది ఏ దళాల గురించి అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది” అనేది. నేను అబ్బాయి గెలిచినట్టు బ్యాలట్ (జడ్జి తీర్పు రాసే కాగితం) మీద రాసి ఇచ్చేశాను. రాత్రి ఇంట్లో నా ఫ్లో తిరగేస్తే, అమ్మాయి అడిగిన మూడు ప్రశ్నల ఎదుట అబ్బాయి గడి ఖాళీగా ఉంది. ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ఇచ్చిన బ్యాలట్‌ను వెనక్కి తీసుకునే వీలు లేదు. ఆ అమ్మాయి ఆ తరువాతి ఏడాది పోటీలకు రాలేదు. అప్పటి నుంచి గళ్లు పూర్తిగా చూసుకోకుండా నేను బ్యాలట్ మీద కలం పెట్టలేదు. నా దగ్గర జడ్జీలుగా శిక్షణకు వచ్చే తల్లిదండ్రులకు మొదట చెప్పేదీ ఇదే.

షరతు పెట్టిన ప్రతివారూ జాగ్రత్తపరులనీ, సూటిగా చెప్పినవారంతా తొందరపాటు మనుషులనీ దీన్ని తిరగేసుకోకూడదు. 2007 జూలై 23న చార్ల్‌స్టన్‌లో, డెమొక్రటిక్ డిబేట్‌లో ఇరాన్, సిరియా, వెనెజువెలా, క్యూబా, ఉత్తర కొరియా నాయకులను తొలి ఏడాదిలోనే ముందస్తు షరతులు లేకుండా కలుస్తారా అని అడిగితే ఒబామా కలుస్తానని అక్కడికక్కడే అన్నారు. క్లింటన్ అలా మాట ఇవ్వనన్నారు. మర్నాడు ఆయన జవాబు బాధ్యతారహితమనీ అమాయకమనీ విమర్శించారు. ఆ రాత్రి ఆమే గెలిచిందని చాలామంది విశ్లేషకులు రాశారు. ఒబామా తన మాట మీదే నిలబడ్డారు. అధ్యక్షుడయ్యాక తొలి ఏడాదిలో ఇరాన్, ఉత్తర కొరియా అధినేతలతో సమావేశాలేవీ జరగలేదు. క్యూబాకు మాత్రం 2016 మార్చిలో వెళ్లారు. అంటే ఆ జవాబు తేదీ విషయంలో తప్పింది, దిశ విషయంలో నిజమైంది. మొండిగా మాట్లాడారా, మెత్తగా మాట్లాడారా అన్న కొలతకు ఈ రెండూ అందవు.

అపోహ: హాల్లో చప్పట్లు ఎవరికి పడితే వారే గెలిచారు.

వాస్తవం: హాల్లో కూర్చునేవారికి టికెట్లు ఎక్కువగా పార్టీ, అభ్యర్థుల బృందాలు, స్థానిక ప్రముఖుల చేతుల మీదుగా వెళతాయి. వాళ్లు ఓటర్ల ప్రతిబింబం కారు. ఒకే రాష్ట్రంలో జరిగిన రెండు రిపబ్లికన్ రాత్రులు చూడండి. 2007 మే 15న సౌత్ కరోలినాలోని కొలంబియాలో, మనం ఏళ్ల తరబడి ఇరాక్ మీద బాంబులు వేశాం కాబట్టే సెప్టెంబర్ 11 దాడి చేసినవాళ్లు మన మీదికి వచ్చారని రాన్ పాల్ అన్నప్పుడు, రూడీ జూలియానీ ఆ మాట వెనక్కి తీసుకోమన్నారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. సెప్టెంబర్ 11 నాటి న్యూయార్క్ మేయర్‌గా అప్పుడు సర్వేల్లో ముందున్న జూలియానీ ఒక్క రాష్ట్రమూ గెలవకుండా 2008 జనవరి 30న తప్పుకున్నారు. రాన్ పాల్ కూడా గెలవలేదన్నది మరిచిపోకూడదు. 2016 ఫిబ్రవరి 13న అదే రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో, ఇరాక్ యుద్ధం పెద్ద పొరపాటని, సామూహిక విధ్వంసక ఆయుధాల గురించి అబద్ధం చెప్పారని ట్రంప్ అన్నప్పుడు హాలంతా హేళన కేకలు. వారం తిరిగేసరికి, ఫిబ్రవరి 20న, ఆయన 32.5 శాతం ఓట్లతో ఆ ప్రైమరీ గెలిచి 50 మంది డెలిగేట్లనూ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రతినిధులు) తీసుకున్నారు. అదే రాత్రి, ఆ యుద్ధం మొదలుపెట్టిన బుష్ తమ్ముడు జెబ్ బుష్ పోటీ విరమించారు. చప్పట్ల శబ్దం వచ్చినప్పుడు నేను టీవీ శబ్దం తగ్గిస్తాను. మీరూ అలా చేసి చూడండి.

అపోహ: సైన్యంలో పనిచేసినవారికి యుద్ధకాలపు డిబేట్‌లో తిరుగుండదు.

వాస్తవం: నాటో మాజీ సర్వసేనాధిపతి వెస్లీ క్లార్క్ 2004 డెమొక్రటిక్ ప్రైమరీల్లో ఓక్లహోమా ఒక్కటే, అదీ అతి స్వల్ప తేడాతో గెలిచారు. అదే ఏడాది వియత్నాం యోధుడు జాన్ కెర్రీ నామినేషన్ పొందారు. ఇద్దరూ సైనికులే, ఫలితాలు వేరు. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

అపోహ: మొదటి డిబేట్ చూస్తే చాలు.

వాస్తవం: 2003 మే 1న బుష్ విమానవాహక నౌక మీద నిలబడి ఇరాక్‌లో ప్రధాన పోరాటం ముగిసిందన్నారు. మే 3న కొలంబియాలో తొమ్మిది మంది డెమొక్రాట్లు తొలి డిబేట్‌కు నిలబడ్డారు. యుద్ధానికి అధికారమిచ్చిన 2002 అక్టోబర్ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేసిన 23 మంది సెనేటర్లలో ఒకరైన బాబ్ గ్రాహమ్ ఆ వేదిక మీదే ఉన్నారు. యుద్ధం అయిపోయిందని దేశం అనుకుంటున్న ఆ రాత్రి యుద్ధానికి వ్యతిరేకమైన ఆయన వాదన కాలం చెల్లినదిగా వినిపించింది. ఆరు నెలలు తిరక్కుండానే ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. ఆయన హెచ్చరిక మాత్రం మరి కొన్నేళ్లు వార్తల్లో నడిచింది. యుద్ధ వార్త మారినప్పుడల్లా పాత ఫ్లో తీసి మళ్లీ చదవాలి.

వాట్సాప్‌లో తిరిగే ఇరవై సెకన్ల ముక్కల గురించీ, అభ్యర్థి చెవిలో ఎవరో జవాబులు చెబుతున్నారన్న పుకార్ల గురించీ నాకు ఓపిక లేదు. డిబేట్ మాటలన్నీ మర్నాటికి అచ్చులో దొరుకుతాయి. 2019 జూన్ 26న మయామీలో జరిగిన డెమొక్రటిక్ డిబేట్‌లో టిమ్ రయాన్ తాలిబాన్లే మన భవనాల మీదికి విమానాలు నడిపారన్నట్టు మాట్లాడితే, ఆ దాడి చేసింది అల్ ఖైదా అని తులసీ గబ్బార్డ్ సరిదిద్దారు. అలాంటి తప్పు పట్టుకోవడం మంచిదే. కానీ ఆ ముక్క మాత్రమే చూసినవారికి, దానికి ముందు ఇద్దరూ అఫ్ఘానిస్థాన్ నుంచి సేనల ఉపసంహరణ మీద ఏమన్నారో తెలియకుండానే పోయింది. దయచేసి పంపేముందు పూర్తి జవాబు చదవండి.

తెనాలి తల్లి మాట ఇంకొకటి ఉంది. 2008 జనవరి 31న హాలీవుడ్‌లో క్లింటన్, ఒబామా ఇద్దరే పక్కపక్కన కూర్చుని డిబేట్ చేశారు. యుద్ధాన్నే కాక, దానిలోకి మనల్ని దింపిన ఆలోచనా ధోరణినీ ముగించాలని ఒబామా అన్నది ఆ రాత్రే. గదిలో అందరూ ఆ వాక్యాన్నే మెచ్చుకున్నారు. ఆమె ఈసారి ఒక రూళ్ల కాగితం తెచ్చుకుంది. నేను చెప్పినట్టే నాలుగు గళ్లు గీసి, తెలుగులో రాసుకుంది. ఒకరి ఎదుట “పోరాట దళాలు, పదహారు నెలలు” అని, మరొకరి ఎదుట “అరవై రోజుల్లో మొదలు, ఏడాదిలో దాదాపు అందరూ, ఆశ మాత్రమే” అని ఉంది. ఆ రెండో వాక్యం చివర మాట నేను కూడా రాసుకోలేదు. రెండింటి కిందా ఒకే ముక్క రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది: “ట్రక్కులు?” ఆమె కొడుకు రవాణా దళంలో సామాను లారీలు నడుపుతున్నాడు. “పోరాట దళాలంటే మావాడు అందులోకి వస్తాడా అన్నయ్యగారూ?” అని అడిగింది. ఆ లెక్కన రాడమ్మా, అలాంటివారు చివరి వరసలో వస్తారని నిజమే చెప్పాను. ఆమె కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మా రాష్ట్రంలో ప్రైమరీ మే 6న. ఇద్దరి ప్రచార కార్యాలయాలకూ మర్నాడే ఆ ఒక్క ప్రశ్నతో ఉత్తరాలు రాసింది.