జిమీ హెండ్రిక్స్: గిటార్ క్లాసులో వినే అపోహలు, అసలు సంగతులు

గిటార్ నేర్పేవాళ్లకు అమెరికన్ రాక్ గిటారిస్టు హెండ్రిక్స్ కథలు కొత్త కాదు. సగం కథలు యూట్యూబ్ పుణ్యం. నేర్చుకునే పిల్లల్ని పక్కదారి పట్టించే కొన్నింటి సంగతి ఇక్కడ చెప్తాను.

అపోహ: రాత్రికి రాత్రే స్టార్ అయిపోయాడు

1966 సెప్టెంబరులో లండన్‌లో దిగిన కొద్ది నెలలకే అక్కడి గిటారిస్టులు నోరెళ్లబెట్టారు, అది నిజమే. అంతకు ముందు మాటేమిటి? 1942లో సియాటిల్‌లో పుట్టాడు, 1961లో అమెరికా సైన్యంలో చేరి ఏడాది పైన ఉన్నాడు, బయటికొచ్చాక ఐస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ లాంటి పేరున్న గాయకుల వెనక నిలబడి వాయించాడు. అలాంటి బ్యాండ్‌లో గిటారిస్టు పని తాళం తప్పకుండా రిథమ్ పట్టుకోవడమే. చెయ్యి తిరిగింది అక్కడే. ఆయన పాట 'లిటిల్ వింగ్' మొదలు వినండి: బొటనవేలిని గిటార్ మెడ మీదుగా తెచ్చి లావు తీగ మీద బేస్ స్వరం పట్టుకుంటాడు, దాంతో మిగతా వేళ్లు ఖాళీ అవుతాయి, ఆ వేళ్లతో కార్డు (chord, కలిపి మోగించే స్వరాలు) వదలకుండానే మధ్యమధ్యలో చిన్న చిన్న సంగతులు వేసేస్తాడు. రిథమ్ ఎక్కడ ఆగిందో, సోలో ఎక్కడ మొదలైందో చెప్పలేం. మా పిల్లలేమో చేరిన నెలకే "సార్, ఏ ఫజ్ పెడల్ కొనాలి?" అంటారు, అదే, గిటార్ నాదాన్ని గరగరలాడించే కాలి పెట్టె. ఈ బొటనవేలి గురించి ఒక్కరూ అడగరు!

అపోహ: సంగీతం రాదు, అంతా పుట్టుకతో వచ్చిన వరం

నోటేషన్ చదవడం రాదు, అంతే. 1967 నాటి 'పర్పుల్ హేజ్' పాటలో వినిపించే E7#9 (ఈ-సెవెన్-షార్ప్-నైన్) కార్డు చూడండి, మన లెక్కలో సాధారణ గాంధారం, అంతర గాంధారం రెండూ ఒకేసారి మోగుతాయి. ఆ ఘర్షణ ఎక్కడ వాడాలో చెవికి తెలియాలి. ఆ కార్డుని ఆయనే కనిపెట్టాడని కూడా అంటుంటారు, అదీ తప్పే, జాజ్‌లో అప్పటికే ఉంది.

అపోహ: ప్రతి షోలో గిటార్ తగలబెట్టేవాడు

వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సార్లే. 1967 మార్చిలో లండన్ అస్టోరియాలో, జూన్‌లో అమెరికాలోని మాంటెరే సంగీతోత్సవంలో. రెండోది కెమెరాకు చిక్కింది కాబట్టి అదే అందరి బుర్రల్లో ఉండిపోయింది.

అపోహ: ఉడ్‌స్టాక్‌లో లక్షల మంది ముందు వాయించాడు

ఉడ్‌స్టాక్ అమెరికాలో జరిగిన పెద్ద సంగీతోత్సవం. ఆదివారం రాత్రి ముగియాల్సిన కార్యక్రమం సాగీ సాగీ సోమవారం పొద్దున, 1969 ఆగస్టు 18న, ఆయన వంతు వచ్చింది. అప్పటికి జనం చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు.

అపోహ: హెరాయిన్ వల్ల చనిపోయాడు

1970 సెప్టెంబరు 18న లండన్‌లో, 27 ఏళ్లకే పోయాడు. కారణం బార్బిట్యురేట్ నిద్రమాత్రలు, ఆ మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం. అది ఏ పరిస్థితుల్లో జరిగిందో మాత్రం తేల్చకుండానే విచారణ ఓపెన్ వెర్డిక్ట్‌తో ముగిసింది.

అపోహ: గిటార్ తలకిందులుగా వాయించేవాడు

ఇది సగం నిజం. స్ట్రాటోకాస్టర్ అనే కుడిచేతి ఎలక్ట్రిక్ గిటార్‌ని తిప్పి పట్టుకునేవాడు, కానీ తీగలు మార్చి బిగించుకునేవాడు కాబట్టి లావు తీగ పైనే ఉండేది. తీగలు కూడా తలకిందులుగానే ఉంచి వాయించింది బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్. తిప్పడం వల్ల ఏటవాలుగా ఉండే బ్రిడ్జ్ పికప్ (తీగల కదలికను పట్టుకునే అయస్కాంత పరికరం) కూడా తిరగబడి, లావు తీగల నాదం పదునుగా, సన్న తీగలది కాస్త మెత్తగా వస్తుంది.

ఇది విని ఎడమచేతి పిల్లలకు ఇంట్లో ఉన్న కుడిచేతి అకూస్టిక్‌నే తిప్పి ఇచ్చేస్తుంటారు కొందరు తల్లిదండ్రులు. దాని శాడిల్ (కింది చివర తీగలు ఆనే పట్టీ) ఏటవాలు కుడిచేతి లెక్కకు పెట్టింది, తీగలు మార్చి బిగిస్తే పై ఫ్రెట్లకు వెళ్లేకొద్దీ శ్రుతి తప్పుతుంది, నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడుల్లో లావు తీగలు సరిగా కూర్చోవు. నట్, శాడిల్ రెండూ మార్పించండి, లేదంటే ఎడమచేతి గిటారే కొనండి.