నూనె-నీళ్లు వేరుచేసే పాలిమర్ పొరలు: మా పనిలో తరచూ వినే అపోహలు

నీళ్లలోంచి నూనె తీసే పొరలు తయారుచేస్తాను అని చెప్పగానే ఎదుటివాళ్లకు తట్టేది జల్లెడ. పైన మురికి, మధ్యలో సన్న రంధ్రాల గుడ్డ, కింద శుభ్రమైన నీళ్లు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. మిగతా అపోహల్లో సగం ఆ జల్లెడ బొమ్మలోంచే పుడతాయి కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: రంధ్రం నూనె బొట్టు కంటే చిన్నదైతే చాలు, నూనె దాటదు

ఇసుక రేణువుకైతే ఈ మాట సరిపోతుంది. నూనె బొట్టు అలా గట్టిగా ఉండదు. ఒత్తిడి పెడితే సాగుతుంది, తనకంటే చిన్న రంధ్రంలోంచి దారంలా జారుకుని అవతల మళ్లీ బొట్టు కడుతుంది. దాన్ని ఆపడంలో రంధ్రం సైజుతో పాటు ఇంకో మూడు విషయాలకు పాత్ర ఉంది: నూనెకీ నీటికీ మధ్య ఉన్న తలతన్యత (ఆ రెండూ కలిసే హద్దును బిగించి పట్టే బలం), పొర ఉపరితలానికి ఆ రెండిట్లో దేని మీద మమకారం ఎక్కువన్నది, మనం పెట్టే ఒత్తిడి.

చిన్న లెక్క వేద్దాం. రంధ్రం వ్యాసార్ధం 0.1 మైక్రాన్, నూనె-నీటి మధ్య తలతన్యత మీటరుకు 20 మిల్లీన్యూటన్లు, పొర నూనెను అస్సలు అంటనివ్వదు అనుకుందాం. పెద్ద బొట్టును ఆ రంధ్రంలోకి నెట్టాలంటే సుమారు 4 బార్ల ఒత్తిడి కావాలి. అవే నీళ్లలో సబ్బు కలిసి తలతన్యత 2కి పడిపోయిందా, 0.4 బార్ చాలు. పొర అదే, రంధ్రం అదే, అయినా నూనె అవతలికి వచ్చేస్తుంది. "నిన్నటిదాకా బాగానే పనిచేసింది, ఇవాళ నూనె దాటుతోంది, పొర చిరిగిందేమో" అని ఎవరైనా టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది, నేల కడిగిన డిటర్జెంట్ నీళ్లు ట్యాంకులో కలిశాయా అని.

అపోహ: తామరాకులా నీటిని అంటనివ్వని పొరే నూనెకు సరైనది

నూనె పని కాబట్టి నీటిని తరిమే పదార్థం కావాలని చాలామంది అనుకుంటారు. మన దగ్గరకు వచ్చేది ఎక్కువగా నీళ్లు, కొద్దిగా నూనె. పొరలోంచి దాటాల్సింది నీళ్లే. నీటిని వద్దనే పొర నూనెను రమ్మంటుంది. నూనె దానికి అతుక్కుని కాసేపట్లోనే రంధ్రాలు మూసేస్తుంది.

ఇక్కడ చూడాల్సింది తామరాకును కాదు, చేపను. నూనె తేలే నీళ్లలో ఈదినా చేప ఒంటికి నూనె పట్టదు. పొలుసులు పలుచని నీటి పొరను పట్టి ఉంచుకుంటాయి, నూనె ఆ నీటి మీదే ఆగిపోతుంది. చేప పొలుసుల మీద 2009లో వచ్చిన పరిశోధన తర్వాత మా రంగంలో చాలామంది ఈ దారి పట్టారు. చిక్కేమిటంటే, మేము ఎక్కువగా వాడే పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ సహజంగా నీటిని ఇష్టపడదు. అందుకే దానిలో పీవీపీ లాంటి నీటిని ఇష్టపడే పాలిమర్ కలుపుతాం, లేదా పైన పూత వేస్తాం. కలిపిన పీవీపీలో కొంత కడిగిన కొద్దీ కొట్టుకుపోతుంది కూడా. మొదటి రోజు నీటి బొట్టును గుటుక్కున పీల్చుకున్న పొర, పదో కడుగుకు ఏం చేస్తుందో చూడకుండా నేను దాన్ని మెచ్చుకోను.

నీటిని తరిమే పొరలకూ చోటుంది. ఇంధనంలో కలిసిన కాస్త నీటిని తీయాలంటే అవే కావాలి. అక్కడ దాటాల్సింది నూనె.

అపోహ: పాలిమర్ కరిగించి గాజు మీద పరిస్తే పొర తయారు

వంటకం చిట్టా చూస్తే అలాగే ఉంటుంది. పాలిమర్‌ను ఎన్ఎంపీ లాంటి సాల్వెంట్‌లో కరిగించి, తేనెలా చిక్కబడ్డ ద్రావణాన్ని గాజు పలక మీద పోసి, కాస్టింగ్ నైఫ్‌తో (ద్రావణాన్ని సమంగా పరిచే కత్తితో) 200 మైక్రాన్ల మందాన లాగి, పలకను నీళ్ల ట్రేలో ముంచాలి. 1950ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ ఉప్పునీటిని మంచినీరు చేసే పొరను సెల్యులోజ్ అసిటేట్‌తో ఈ పద్ధతిలోనే సాధించారు. పైన పలుచటి చర్మం, కింద స్పంజి. ఇప్పటికీ మేము నడుస్తున్నది ఆ బాటలోనే.

పొర పుట్టేది ముంచిన ఆ కొన్ని సెకన్లలో. అద్దంలా ఉన్న ద్రావణం చూస్తుండగానే పాలలా తెల్లబడుతుంది. పలక మీదుగా వంగి చూస్తే సాల్వెంట్ నీళ్లలోకి సన్నని తీగలుగా కదలడం కనిపిస్తుంది, ఎండలో రోడ్డు మీద వేడిగాలి అల్లాడినట్టు. కాసేపటికి అంచులు వాటంతటవే గాజును వదిలి పైకి లేస్తాయి. నీళ్లు లోపలికి, సాల్వెంట్ బయటికి పోయే వేగమే రంధ్రాల రూపాన్ని తేలుస్తుంది. మార్పిడి వేగంగా జరిగితే లోపల వేళ్లలాంటి పొడవాటి ఖాళీలు, నిదానిస్తే స్పంజి. వేళ్ల పొరలోంచి నీళ్లు ధారాళంగా వస్తాయి కానీ ఒత్తిడికి త్వరగా నలుగుతుంది.

ఒకసారి వానాకాలంలో మా పొరలన్నీ వరసగా నూనె వదిలేయడం మొదలుపెట్టాయి. అదే పాలిమర్, అదే కత్తి, అదే చెయ్యి. చాలా రోజులు పాలిమర్ బస్తాను అనుమానించాం. చివరికి తేలిందేమిటంటే, పలక మీద పరిచాక ఫోటో తీసుకోవడం కోసం అర నిమిషం ఆగేవాళ్లం. ఎన్ఎంపీకి తేమను పీల్చే గుణం ఉంది. ఆ అర నిమిషంలో తేమగాలి తగిలి, ట్రే చేరకముందే పైన చర్మం కట్టే తీరు మారిపోయింది. అప్పటి నుంచి గదిలో తేమ శాతం రాయని పేజీని నేను సంతకం పెట్టకుండా వెనక్కి పంపుతాను. ద్రావణంలో గాలి బుడగలు పోయేదాకా రాత్రంతా కదపకుండా ఉంచడం కూడా చిట్టాలో ఒక్క లైనే. ఆ లైను దాటేస్తే ప్రతి బుడగా ఒక కన్నమే.

ఎన్ఎంపీ వాసన తక్కువ కాబట్టి ప్రమాదం లేదనుకునేవాళ్లూ ఉన్నారు. కడుపులో బిడ్డకు హాని చేయగలదని గుర్తించిన సాల్వెంట్ అది. గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు.

అపోహ: ఫ్లక్స్ ఎంత ఎక్కువైతే పొర అంత గొప్పది

చదరపు మీటరుకు గంటకు ఎన్ని లీటర్లు అన్నది ఫ్లక్స్. అట్ట మీద వేసే అంకె సాధారణంగా మంచినీటితో కొలిచింది. నూనె నీళ్లు పంపగానే అది జారుతుంది, గంటలు గడిచాక ఎక్కడో నిలబడుతుంది. నిలబడిన ఆ అంకె, కడిగాక ఎంత తిరిగి వచ్చిందన్న అంకె నాకు కావాలి. ఫ్లక్స్ మరీ ఎక్కువగా లాగితే బొట్లన్నీ పొర మీదికి తోసుకొచ్చి ఇంకా త్వరగా మూసేస్తాయి. నెమ్మదిగా నడిపిన యూనిట్ నెలాఖరుకు ఎక్కువ నీళ్లు ఇవ్వడం వింతేమీ కాదు.

అపోహ: 99 శాతం నూనె తీస్తే పనైపోయినట్టే

దేంట్లో 99 శాతం? లీటరుకు 1000 మిల్లీగ్రాముల నుంచి తీస్తే 10 మిగులుతుంది, 5000 నుంచి తీస్తే 50. ఓడల అడుగున చేరే నీటిని సముద్రంలోకి వదలాలంటే అంతర్జాతీయ నిబంధన 15 పీపీఎం, అంటే లీటరుకు దాదాపు 15 మిల్లీగ్రాములు. పైగా బెంజీన్, ఫినాల్ లాంటివి బొట్లుగా కాక నీళ్లలో కరిగిపోయి ఉంటాయి. ఇలాంటి సన్న రంధ్రాల (అల్ట్రాఫిల్ట్రేషన్) పొర వాటిని ఆపదు. తేలే నూనెను కూడా పొర మీదికి పంపకండి. దాన్ని ముందే తొట్టిలో పైనుంచి తీసేయాలి, పొర ఉన్నది ఎమల్షన్ కోసం, అంటే నీళ్లలో సన్న బొట్లుగా కలిసిపోయిన నూనె కోసం.

అపోహ: ఘాటైన కెమికల్‌తో కడిగితే కొత్తదైపోతుంది

పీవీడీఎఫ్‌ను ఘాటు కాస్టిక్ సోడాలో నానబెట్టి చూడండి, గోధుమ రంగుకు తిరుగుతుంది. అది మురికి కాదు, పాలిమర్ గొలుసులోంచి ఫ్లోరిన్, హైడ్రోజన్ ఊడిపోతున్న గుర్తు. ఆ తర్వాత పొర పెళుసెక్కుతుంది. పొరలకు వాడే ఇంకో పాలిమర్ పాలీఈథర్‌సల్ఫోన్ కాస్టిక్‌ను బాగానే తట్టుకుంటుంది, దానికి పడనిది బ్లీచింగ్. ఏ పొరో తెలియకుండా బకెట్‌లో ముంచొద్దు.

కడిగిన పొరను ఫ్యాన్ కింద ఆరబెట్టడం ఇంకో పొరపాటు. నీరు ఆవిరవుతూ సన్న రంధ్రాల గోడలను దగ్గరికి లాగేస్తుంది, చాలా పొరల్లో అవి మళ్లీ తెరుచుకోవు. ఆరబెట్టక తప్పదనుకుంటే ముందు గ్లిజరిన్ నీళ్లలో నానబెట్టండి. లేదంటే తడిగానే, బూజు పట్టకుండా కాస్త ప్రిజర్వేటివ్ వేసి, మూత బిగించి ఉంచండి.