ఓవరేజ్ గొడవ: బర్త్ సర్టిఫికెట్‌లో ఎవరూ చూడని తేదీ

జూనియర్ అథ్లెటిక్స్ సెలెక్షన్స్ దగ్గరపడితే చాలు, విశాఖ గ్రౌండ్లలో ఓవరేజ్ మాట, అంటే వయసు తగ్గించి చూపి చిన్నవాళ్ల విభాగంలో దిగుతున్నారన్న మాట, మళ్లీ లేస్తుంది. ఈసారీ లేచింది. మీసాలొచ్చిన కుర్రాడు అండర్-16లో ఎలా పరిగెత్తాడని నాలుగో స్థానంలో ఆగిపోయిన పిల్లాడి తండ్రి అడుగుతాడు. సర్టిఫికెట్ ఉంది కదా అంటాడు కోచ్. ఎముకల ఎక్స్‌రే తీసి వయసు తేల్చే బోన్ టెస్ట్ పెట్టండని ఇంకొకరు. ఈ మూడు మాటల మధ్యే ఏళ్లుగా వాదన తిరుగుతోంది. అది ఇలా ఎందుకు బిగుసుకుపోయిందో తెలియాలంటే 2019 నవంబరులో తిరుపతిలో ఏం జరిగిందో చూడాలి.

అక్కడ జరిగింది జాతీయ అంతర్ జిల్లాల జూనియర్ మీట్. గ్రౌండ్‌లో అందరూ నిడ్జామ్ అంటారు. అండర్-14, అండర్-16 పిల్లల కోసం పెట్టే ఈ మీట్‌కు దేశం నలుమూలల నుంచి వేల మంది వస్తారు. ఆ ఏడాది అథ్లెటిక్స్ ఫెడరేషన్ వయసు పరీక్షలు చేయిస్తే 50 మందికి పైగా పిల్లలు ఓవరేజ్ అని తేలింది. దానికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. పరీక్ష అనగానే 150 మందికి పైగా పిల్లలు అసలు హాజరే కాలేదు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు ఊరుగాని ఊళ్లో తమంతట తాము నిర్ణయం తీసుకుని వెళ్లిపోరు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన పెద్దవాళ్లున్నారు. జిల్లా పేరు మీద ఎంట్రీలు పంపిన వాళ్లున్నారు. అయినా ఆ తర్వాత చర్చంతా పిల్లల ఎముకల చుట్టూనే నడిచింది. నా దృష్టిలో మలుపు అదే. కాగితం ఎవరు రాశారన్న ప్రశ్న అక్కడ పక్కకు పోయింది. ఎక్స్‌రే ఒక్కటే జవాబు అన్న నమ్మకం పాతుకుపోయింది.

ఆ ఎక్స్‌రే ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. వాడుకలో ఉన్న పద్ధతి పేరు టీడబ్ల్యూ3. ఎడమ చేతికి, మణికట్టుకు ఎక్స్‌రే తీసి 13 ఎముకలను ఒక్కొక్కటిగా చూస్తారు. ఎదిగే పిల్లల్లో ఎముక చివర ఒక నల్లటి గీత కనిపిస్తుంది. అది ఇంకా గట్టిపడని మృదులాస్థి. వయసు పెరిగేకొద్దీ ఆ గీత సన్నబడి, చివరికి ఎముకలో కలిసిపోతుంది. ఒక్కో ఎముక ఏ దశలో ఉందో మార్కులు వేసి, మొత్తం కూడి వయసు అంచనా కడతారు. అబ్బాయిల్లో ఈ కొలత 16.5 ఏళ్ల దగ్గర, అమ్మాయిల్లో 15 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. అంటే 17 ఏళ్ల కుర్రాడి చేయి, 20 ఏళ్ల కుర్రాడి చేయి ఈ పరీక్షకు ఒకేలా కనిపిస్తాయి. అండర్-14లో కొంత, అండర్-16లో కొంత పనికొచ్చే ఈ పరీక్ష, అండర్-18, అండర్-20కి వచ్చేసరికి దాదాపు చేతులెత్తేస్తుంది.

కిందిస్థాయిలోనూ ఏడాది అటూ ఇటూ తేడా మామూలే. త్వరగా ఈడుకొచ్చిన అమ్మాయి ఎముకలు అసలు వయసు కన్నా ముందుంటాయి. సరైన తిండి లేక ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్లో వెనకబడి ఉంటాయి. నిజం వయసే చెప్పినా ఓవరేజ్ ముద్ర పడిన పిల్ల గురించి ఎవరూ రాయరు. తెల్లారి నుంచి ఆ పిల్ల గ్రౌండ్‌కు ఎలా వస్తుందో ఊహించుకుంటేనే బాధేస్తుంది.

వయసు తగ్గిస్తే లాభం ఎక్కడుందో షాట్‌పుట్ గుండు చూస్తే తెలుస్తుంది. అండర్-18 అబ్బాయిలు వేసే షాట్‌పుట్ గుండు బరువు 5 కిలోలు. అండర్-20లో 6 కిలోలు, సీనియర్లలో 7.26 కిలోలు. జావెలిన్ అండర్-18లో 700 గ్రాములు, ఆపైన 800. ఇరవై దాటినవాడు 5 కిలోల గుండు పట్టుకుంటే పక్కనున్న అసలైన పదహారేళ్ల పిల్లాడు ఎంత సాధన చేసినా లాభం లేదు. ఆ గెలిచినవాడు కూడా నాలుగేళ్ల తర్వాత సీనియర్ గుండు ఎత్తేసరికి జాబితాలో కనిపించడు. ఈ లోపు సర్టిఫికెట్ చేతికొస్తుంది. స్పోర్ట్స్ కోటాలో సీటుకో, ఉద్యోగానికో అది పనికొస్తుంది. 2018లో ఖేలో ఇండియా ఆటలు మొదలయ్యాక ఆ లాభం ఇంకా పెరిగింది. అందులో ఎంపికైన పిల్లల శిక్షణకు ఏడాదికి 5 లక్షల చొప్పున ఎనిమిదేళ్ల వరకు సాయమని అప్పట్లో ప్రకటించారు. చేతి ఖర్చులకు నెలకు 10 వేలు. కూలి చేసుకునే ఇంట్లో నెలకు 10 వేలంటే మాటలు కాదు.

విశాఖ పోర్టు స్కూల్లో చదువుకున్న జ్యోతి యర్రాజీ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది 23 ఏళ్ల వయసులో. 2025లో మళ్లీ గెలిచింది. అమ్మాయిలకు అండర్-18లో హర్డిల్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు, సీనియర్లకు 83.8. ఆమె దాటింది ఆ రెండోది. పదిహేనేళ్లకే పతకం రావాలని తొందరపడే తల్లిదండ్రులకు ఈ ఊళ్లోనే కనిపించే లెక్క ఇది.

ఇక కాగితం దగ్గరికి వద్దాం. గొడవంతా అక్కడే పుడుతుంది, కానీ చర్చ మాత్రం అక్కడికి రాదు. ఒకప్పుడు బడిలో చేర్పించేటప్పుడు ఐదేళ్లు నిండాయని చూపించడానికి హెడ్మాస్టరే ఓ తేదీ రాసేసేవారు. జూన్‌లో బడి తెరిచే రోజులకు అటూ ఇటూగా పుట్టినవాళ్లు మన పాత రిజిస్టర్లలో అంతమంది ఉండటం వెనక కారణం అదే. ఆ తేదీయే టీసీలోకి, అక్కడి నుంచి పదో తరగతి మెమోలోకి ఎక్కింది. పాడేరు, అరకు వైపు ఇంటి దగ్గరే కాన్పులు జరిగి, ఆశ్రమ పాఠశాలలో చేరేదాకా ఏ కాగితమూ లేని పిల్లలు ఎందరో. వాళ్ల తేదీ తప్పయితే అందులో మోసం లేదు, పేదరికం ఉంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోకుండా ఓవరేజ్ గురించి మాట్లాడితే ఏజెన్సీ పిల్లలకు అన్యాయం చేసినట్టే.

మోసం జరిగేది వేరే దారిలో. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మన దగ్గర ఆ పని మీసేవలో దరఖాస్తు పెట్టి ఆర్డీవో ఆఫీసు ద్వారా నడుస్తుంది. నిజంగా అవసరమైన వాళ్ల కోసం పెట్టిన ఈ వెసులుబాటులోనే కొత్త వయసు పుట్టుకొస్తుంది. పన్నెండేళ్లకు పరుగులో బాగున్నాడని తేలిన పిల్లాడికి పదమూడో ఏట బర్త్ సర్టిఫికెట్ వస్తుంది. అది నకిలీ కాదు. ముద్ర, సంతకం అన్నీ సరిగ్గానే ఉంటాయి. లోపల తేదీ మాత్రం అబద్ధం. ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనలో వయసు లెక్క డిసెంబరు 31 నాటికి చూస్తారు కాబట్టి, డిసెంబరులో పుట్టినవాణ్ని ఆ వెంటనే వచ్చే జనవరిలో పుట్టినట్టు రాయించుకుంటే చాలు, ఏడాది మొత్తం కలిసొస్తుంది. అబద్ధం నెల రోజులదే. లాభం మాత్రం ఒక సీజన్.

అదే సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీతో పాటు నమోదు తేదీ కూడా ఉంటుంది. ఎంట్రీ తీసుకునే టేబుల్ దగ్గర అందరి చూపూ మొదటి తేదీ మీదే. రెండోది చూస్తే ప్రశ్న అక్కడికక్కడే మొదలవుతుంది.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి అన్నిటికీ బర్త్ సర్టిఫికెటే ఆధారం. మంచిదే, కానీ ఆ పిల్లలు అండర్-14 ట్రాక్ మీదికి వచ్చేది 2036 ప్రాంతంలో. అప్పటిదాకా పాత కాగితాలతోనే నడవాలి. ఆధార్ వయసు నిర్ధారణకు తగిన పత్రం కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది, బడి సర్టిఫికెట్ వైపు మొగ్గింది. ఆ బడి రిజిస్టర్ సంగతి పైన చెప్పుకున్నాం.

శిక్షల సంగతి చూస్తే, వయసు మోసాలపై 2010 నాటి కేంద్ర క్రీడా శాఖ కోడ్‌లో మొదటి తప్పుకు రెండేళ్ల నిషేధం, రెండోసారి దొరికితే జీవితకాల నిషేధం, కేసు. పదిహేనేళ్ల తర్వాత 2025 మార్చిలో కొత్త ముసాయిదా పెట్టారు. ఆటగాళ్లుగా మొదట నమోదైనప్పుడే మూడు పత్రాలు, క్యూఆర్ కోడ్ ఉన్న గుర్తింపు కార్డులు, తప్పు ఒప్పుకునేవాళ్లకు ఒకసారి ఆరు నెలల గడువు అందులో ఉన్నాయి. సహకరించిన కోచ్‌లకు, అధికారులకు శిక్ష కూడా ఉంది. తిరుపతిలో అడగాల్సిన ప్రశ్న ఇక్కడికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

కోచ్‌లు చెప్పేదాంట్లో అర్థం లేకపోలేదు. ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని కాదనే అధికారం తమకు లేదంటారు. ఎక్స్‌రే నమ్మలేమనీ అంటారు. అది నిజమే.

అవతల నిలబడ్డ తల్లిదండ్రుల మాట ఇంకాస్త వినాలి. వీళ్లలో ఆటోలు నడిపేవాళ్లు, పోర్టులో కాంట్రాక్టు పని చేసేవాళ్లు ఉన్నారు. పిల్లను తెల్లవారుజామున గ్రౌండ్‌లో దింపి పనికి పోతారు. స్పైక్స్ బూట్లు కొనడానికి అప్పు చేస్తారు. నాలుగో స్థానం వస్తే జిల్లా జట్టులో పేరుండదు. జట్టులో లేకపోతే స్టేట్ మీట్ లేదు, స్టేట్ మీట్ లేకపోతే హాస్టల్ సీటు లేదు. ముందున్నవాడు ఓవరేజ్ అని తర్వాతెప్పుడో తేలినా ఆ సీజన్ తిరిగి రాదు. ఫిర్యాదు చేయాలంటే భయం, రేపు సెలెక్షన్స్‌లో కూర్చునేదీ ఈ కోచ్‌లే కదా అంటారు. అందుకే గట్టిగా అడగరు, గుసగుసలాడతారు. ఆ గుసగుసను అసూయ అని కొట్టిపారేయడం ఎవరికైనా తేలికే.

వాళ్లు అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు. సెలెక్షన్స్ టేబుల్ దగ్గరే ప్రతి పిల్లాడి నమోదు తేదీ రాసుకోవాలి. ఏడాది దాటి నమోదైతే ఒకటో తరగతి అడ్మిషన్ నకలు, టీకాల కార్డు అడగాలి. అవి లేని ఏజెన్సీ పిల్లల విషయంలో ఊరికి వెళ్లి విచారించాలి, ముద్ర వేయకూడదు. ఎంట్రీ మీద సంతకం పెట్టిన కోచ్ పేరును జాబితాలో పిల్లాడి పేరు పక్కనే బోర్డు మీద పెట్టాలి. కేంద్రం కోడ్ కోసం ఆగకుండా వచ్చే సెలెక్షన్స్ నుంచే జిల్లా స్థాయిలో ఇవన్నీ మొదలుపెట్టవచ్చు.