బండి నడుపుతూ మెసేజ్: తప్పని తెలిసినా సిగ్గుగా అనిపించని అలవాటు

విశాఖలో మద్దిలపాలెం కూడలి దగ్గర ఎర్రదీపం పడగానే ద్విచక్ర వాహనదారుల్లో చాలామంది తలలు ఫోన్ల మీదికి వంగుతాయి. అలా మొదలుపెట్టిన మెసేజ్ పచ్చదీపం పడేసరికి పూర్తికాదు కాబట్టి, ఎడమచేతి బొటనవేలు ఇంకా తెర మీద ఉండగానే కుడిచెయ్యి యాక్సిలరేటర్ తిప్పుతుంది. బండి నడుపుతూ ఫోన్ చూడటం ప్రమాదం కాదా అని అదే మనిషిని అడిగితే కాదని మాత్రం అనడు. ఎదుటివాడు చేస్తే నిర్లక్ష్యమనీ తాను చేస్తే అవసరమనీ అనుకునే ఈ తీరు ఒక్క రోజులో వచ్చింది కాదు.

ప్రపంచంలో తొలి ఎస్ఎంఎస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లింది. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న మోగింది. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టవలసిన ఆ తొలి ఏళ్లలో కారులో ఫోన్ మాట్లాడటం హోదాగా కనిపించేది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఫోన్ ఆటోడ్రైవరు జేబులోకీ చేరింది, హోదా పోయి అలవాటు మిగిలింది.

హెచ్చరిక మాత్రం అంతకుముందే వచ్చింది. ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుందనీ, చేతులు ఖాళీగా ఉంచే పరికరాలతో ముప్పు తగ్గినట్టు కనిపించలేదనీ టొరంటో డ్రైవర్లపై జరిగిన అధ్యయనం 1997లోనే తేల్చింది. డ్రైవర్లందరికీ వర్తించేలా మెసేజ్‌లను నిషేధించిన తొలి అమెరికా రాష్ట్రం వాషింగ్టన్. అది 2007 నాటి మాట. లారీ డ్రైవరు మెసేజ్ పంపేటప్పుడు ప్రతి ఆరు సెకన్లలో సగటున 4.6 సెకన్లు అతని చూపు రోడ్డు మీద ఉండదని 2009లో వర్జీనియా టెక్ పరిశోధకులు లెక్కగట్టారు. గాజువాక వైపు జాతీయ రహదారిపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి ఈ లెక్క వర్తింపజేస్తే, ఆ కాస్త వ్యవధిలో అది 76 మీటర్లకు పైగా చూపు లేకుండానే సాగిపోతుంది.

మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం పుట్టినప్పటికి దేశంలో మొబైల్ సేవలే లేవు. ఫోన్ వాడుతూ పట్టుబడితే లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలను ఆదేశించింది. 2019 సవరణ చేతిలో పట్టుకునే ఫోన్ వాడకాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కిందికి తెచ్చి, మొదటిసారికే జరిమానాను వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల వరకు విధించవచ్చని చెప్పింది, జైలుశిక్షకూ వీలుంది. ఏడాది తర్వాత, ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడవచ్చని నిబంధనల్లో వెసులుబాటు వచ్చింది.

నా దృష్టిలో అసలు చిక్కు జరిమానాలో లేదు. తాగినవాడు బండి తీస్తానంటే ఇంట్లోవాళ్లు తాళం లాక్కుంటారు. ఫోన్ విషయంలో ఆ సిగ్గూ లేదు, ఆ అడ్డూ లేదు. పైగా రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేవాడికి దారిలో ఫోన్ చేసేది ఆ ఇంట్లోవాళ్లే, అదీ ప్రేమతోనే. జవాబు రాకపోతే వాళ్లు కంగారుపడతారని అతనికి తెలుసు. లెక్కలు కూడా ఈ తప్పును చిన్నదిగానే చూపిస్తున్నాయి. 2021లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,53,972 మంది మరణించగా, ఫోన్ వాడకం ఖాతాలో నమోదైనవి 1,040 మరణాలు మాత్రమే. ప్రమాదానికి ముందు క్షణంలో తెర వెలుగుతోందో లేదో చెప్పగలిగే సాక్షి తరచూ మిగలడు కాబట్టి, అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉంటుందని నమ్ముతున్నాను.

ఇప్పుడు నగరంలో డెలివరీ బండ్లకూ ఆటోలకూ హ్యాండిల్ మీదే ఫోన్ స్టాండ్ కనిపిస్తోంది. దారి చూసుకోవడానికి చట్టం అనుమతించిన ఆ తెర మీదే కొత్త ఆర్డరూ వస్తుంది, మ్యాప్ పైభాగాన్ని కప్పేస్తూ ఇంటి నుంచి "ఎక్కడున్నావ్?" అన్న మెసేజూ వస్తుంది.