గ్రంథాలయాలపై వ్యాసరచన పోటీ: అపోహలు, వాస్తవాలు

నవంబరు రెండో వారం వచ్చేసరికి విజయవాడలో మా పేట శాఖా గ్రంథాలయం బల్లల మీద దినపత్రికలు ఓ పక్కకు జరుగుతాయి. వాటి స్థానంలోకి అట్టలు, పెన్నులు వస్తాయి. 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, అందులో ఒక పూట బడిపిల్లలకు వ్యాసరచన పోటీ. తెలుగు మాస్టారుగా పనిచేసినన్నాళ్లూ, పదవీ విరమణ చేశాకా ఆ పని నా నెత్తినే ఉంది. కొత్తగా పోటీ పెట్టాలనుకునేవాళ్లు ఏటా నాతో అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: ‘గ్రంథాలయాల ప్రాముఖ్యత’ అని ఇస్తే ఏ తరగతి వాళ్లయినా రాసేస్తారు.

వాస్తవం: రాసేస్తారు. అందుకే ఇవ్వకూడదు. ఒక ఏడాది మేము అదే ఇచ్చాం. సగానికి పైగా కాగితాలు ‘గ్రంథాలయాలు ఆధునిక దేవాలయాలు’ అంటూ మొదలయ్యాయి. చిరిగిన చొక్కా తొడుక్కోమనే సూక్తిని కొంతసేపు లెక్కపెట్టి మానేశాను. మొదటి బహుమతికి ఎంచిన వ్యాసంలోని మూడు పేరాలు మరో బడి నుంచి వచ్చిన కాగితంలో కామాలతో సహా కనిపించాయి. ఇద్దరిదీ ఒకే గైడు. పిల్లలను తప్పుపట్టలేకపోయాను. మేము అప్పజెప్పమన్నాం, వాళ్లు అప్పజెప్పారు.

మరుసటి ఏడాది ప్రశ్న మార్చాం: ‘మీ గ్రంథాలయంలో అరగంట కూర్చోండి. రోజూ వచ్చే ఒక మనిషిని గమనించి రాయండి.’ ఏడో తరగతి కుర్రాడొకడు దినపత్రికల బల్ల దగ్గరి పెద్దాయనను పట్టుకున్నాడు. ఫ్యాను గాలికి కాగితం లేవకుండా కళ్లజోడు పెట్టెను దాని మీద బరువు పెడతారట. జిల్లా పేజీ కోసం ఎదుటి మనిషితో కళ్లతోనే బేరమాడతారట. వ్యాసం ఒకటిన్నర పేజీ, అక్షరదోషాలు 11. బహుమతి అతనికే ఇచ్చాం.

అపోహ: గ్రంథాలయోద్యమ చరిత్ర పిల్లలకు ఎక్కదు.

వాస్తవం: తేదీలుగా చెబితే ఎక్కదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో మన బెజవాడలోనే పుట్టిందని బోర్డు మీద రాస్తే దించుకుని ఊరుకుంటారు. అయ్యంకి వెంకటరమణయ్యనూ రంగనాథన్‌నూ ఒకరి బదులు ఒకరిని రాస్తారు కూడా (దిద్దే పెద్దలూ అదే పొరపాటు చేస్తారు, ఆ సంగతి ఇక్కడ వద్దు). అయ్యంకి వారిది గ్రంథాలయోద్యమం, రంగనాథన్ గారిది గ్రంథాలయ శాస్త్రం అని ఒక్క మాటలో తేల్చేసి పడవ దగ్గరకు రండి. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ‘ఆ పడవ ఇప్పుడు బయలుదేరితే ఏ పది పుస్తకాలు ఎక్కిస్తావు? ఎవరి కోసం?’ అని అడగండి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక వంటల పుస్తకం ఎక్కించింది. ‘మా అమ్మమ్మకు చదవడం రాదు, బొమ్మలు చూపించి అందులో తప్పులు పట్టించడానికి’ అని రాసింది.

అపోహ: ఇంటి దగ్గర తీరిగ్గా రాసి తెమ్మంటే నాణ్యత పెరుగుతుంది.

వాస్తవం: పెరుగుతుంది, కానీ ఆ నాణ్యత తల్లిదండ్రులది. ఇప్పుడైతే ఫోనును అడిగినా నిమిషంలో రాసిస్తుంది. అంశం వారం ముందు చెప్పి, చూడాల్సినవి చూసి రమ్మంటాం. రాయడం మాత్రం మా కళ్లెదుటే, గంటన్నరలో. 14న బడుల్లో బాలల దినోత్సవం హడావిడి ఉంటుంది కాబట్టి ఆ రోజు వద్దు. వారపు సెలవు కూడా చూసుకోండి. ఒకసారి నేనే మా గ్రంథాలయానికి సెలవైన శుక్రవారం తేదీ వేసి, పిల్లలను తాళం ముందు నిలబెట్టాను.

అపోహ: పేరున్న న్యాయనిర్ణేత దొరికితే తీర్పు గురించి బెంగ లేదు.

వాస్తవం: పేరున్నవారికీ మధ్యాహ్నం భోజనం తరువాత నిద్ర వస్తుంది. పేరు, బడి ఉన్న చీటీని కాగితం నుంచి వేరుచేసి కోడ్ నంబరు వేస్తాం. ప్రతి కాగితాన్నీ ఇద్దరు విడివిడిగా దిద్దుతారు. 50 మార్కులకు ఇద్దరి మధ్య 10కి మించి తేడా వస్తే మూడో మనిషి చదువుతారు. ఇంకొక అలవాటు చాలా ఏళ్ల తరువాత అబ్బింది. మొదట దిద్దిన పది కాగితాలను చివర్లో మళ్లీ చదవాలి. పొద్దున చేయి బిగించి వేసిన మార్కులు సాయంత్రానికి అన్యాయంగా కనిపిస్తాయి.

అపోహ: చేతిరాతకు మార్కులుండాలి.

వాస్తవం: అక్కర్లేదు. చదవగలిగితే చాలు.

అపోహ: షీల్డు ఇవ్వకపోతే పిల్లలు రారు.

వాస్తవం: షీల్డు పెద్దలకు ఫొటో కోసం కావాలి. మేము గ్రంథాలయ సభ్యత్వానికి ధరావతు కట్టి కార్డు చేతికిస్తాం, ఒక పుస్తకం వాళ్లనే ఏరుకోమంటాం. గెలిచిన వ్యాసాలను నోటీసు బోర్డుకు అంటిస్తాం. ఏడో తరగతి కుర్రాడి వ్యాసాన్ని ఆ పెద్దాయన బోర్డు దగ్గర నిలబడి చివరిదాకా చదివారు. తరువాత నా దగ్గరకు వచ్చి, ‘అంతా నిజమే మాస్టారూ, కానీ అది జిల్లా పేజీ కాదు, ఆటల పేజీ. సరిచేయించండి’ అన్నారు.