పాత కంట్రీ పాటలు: స్టీల్ గిటార్ వెనక కూర్చుని విన్న అపోహలు, తెలుసుకున్న వాస్తవాలు

నేను పెడల్ స్టీల్ గిటార్ (బల్లలా ముందు పెట్టుకుని వాయించే గిటార్) వాయిస్తాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు పాత కంట్రీ పాటలు, అంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పుట్టిన సంగీతం. డాలస్ చుట్టుపక్కల చిన్న హాళ్లలో, మాజీ సైనికుల క్లబ్బుల్లో, వృద్ధాశ్రమాల్లో వాయిస్తాం. మా బ్యాండ్‌లో మిగతా నలుగురూ నాకన్నా పదిహేను, ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు. ఇరవై రెండేళ్లుగా ఈ పాటల గురించి అటు అమెరికన్ పెద్దవాళ్లు, ఇటు మన తెలుగువాళ్లు చెప్పే కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను. అన్నీ ప్రేమతో చెప్పేవే, కానీ సగానికి పైగా తప్పు. ఈ పాటలంటే నాకు ప్రాణం, అందుకే రాస్తున్నాను.

అపోహ: పల్లెటూళ్లో ఉన్నవాళ్లు పల్లె గురించి పాడుకున్న పాటలివి

కాదు. ఎక్కువ భాగం ఊరు వదిలి వచ్చినవాళ్లవి. ఇది అర్థం కాకపోతే ఈ పాటల్లో ఉన్న దిగులు అర్థం కాదు.

1927 వేసవిలో విక్టర్ రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పియర్ అనే ఆయన టెనెసీ, వర్జీనియా సరిహద్దు మీదున్న బ్రిస్టల్ ఊరికి రికార్డింగ్ మిషన్ తీసుకొచ్చాడు. ఆగస్టు మొదటి వారంలో, మూడు రోజుల తేడాలో, కార్టర్ ఫ్యామిలీ అనే కుటుంబ బృందం, జిమ్మీ రోడ్జర్స్ అనే గాయకుడు ఆయన ముందు మొదటిసారి పాడారు. రోడ్జర్స్ పొలం పనివాడు కాదు, రైల్లో బ్రేకులు చూసే బ్రేక్‌మన్. క్షయ వచ్చి ఆ పని చేయలేక పాటలోకి వచ్చాడు, 1933లో ఆ క్షయతోనే పోయాడు. ఇక పియర్ వచ్చింది జానపదాన్ని కాపాడాలని కాదు, రికార్డులు అమ్మడానికి, పాటల హక్కులు సంపాదించడానికి. అలా వచ్చాడు కాబట్టే ఇవాళ మనకి ఆ గొంతులు వినిపిస్తున్నాయి, దాన్ని తప్పుపట్టను.

ఆ తర్వాత జరిగింది ఇంకా పెద్ద కథ. కెంటకీ, టెనెసీ కొండల నుంచి డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలకి, ఓక్లహోమా కరువు నుంచి కాలిఫోర్నియా పొలాలకి, చమురు బావులకి జనం తట్టాబుట్టా సర్దుకుని వెళ్లారు. తర్వాత పెద్ద కంట్రీ గాయకుడైన మెర్ల్ హాగర్డ్ తల్లిదండ్రులు అలా ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ పక్కకి వచ్చినవాళ్లే. వాళ్ల నాన్న ఒక పాత రైలు పెట్టెని ఇల్లుగా మార్చాడు, హాగర్డ్ పెరిగింది అందులోనే. ఇలా వలస వచ్చినవాళ్లు జ్యూక్‌బాక్స్‌లో నాణెం వేసి వినేది తాము విడిచొచ్చిన గడప గురించి. అంటే ఈ పాటలు కొత్తగా వచ్చిన రోజునే పాత జ్ఞాపకాలు. టెక్సాస్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఇవి మొదటిసారి శ్రద్ధగా విన్నప్పుడు నాకు గొంతులో అడ్డం పడింది అందుకేనేమో.

ఓవరాల్స్ వేసుకున్న చదువురాని రైతుల బొమ్మ కూడా చాలావరకు రేడియో వాళ్లు తయారు చేసిందే. గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో కార్యక్రమం 1925 నవంబర్ 28న నాష్‌విల్‌లో మొదలైంది, అప్పటికి దాని పేరు బార్న్ డాన్స్. అందులో మొదట్లో వాయించిన హంఫ్రీ బేట్ చదువుకున్న డాక్టరు. కార్యక్రమం నడిపిన జార్జ్ హే ఆ బ్యాండ్లకి పోసమ్ హంటర్స్ (పోసమ్ అనే జంతువుని వేటాడేవాళ్లు) లాంటి మోటు పేర్లు పెట్టి, పొలం బట్టలు వేయించి ఫోటోలు తీయించాడు. అంతకుముందు వాళ్లు సూటు, టై కట్టుకునే వచ్చేవాళ్లు.

అపోహ: ఇది తెల్లవాళ్ల సంగీతం

కంట్రీలో వినిపించే తీగల వాయిద్యం బాంజో మూలం ఆఫ్రికా. కంట్రీలో పెద్ద పేరున్న గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌కి చిన్నప్పుడు గిటార్ నేర్పింది అలబామా వీధుల్లో వాయించే రూఫస్ పేన్ అనే నల్లజాతి కళాకారుడు. కార్టర్ ఫ్యామిలీలో ఏ.పి. కార్టర్ కొండల్లో పాటలు సేకరించడానికి తిరిగినప్పుడు వెంట వెళ్లింది లెస్లీ రిడిల్. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ వరసలు మనసులో పట్టుకునేవాడు. ఆయనా నల్లజాతివాడే. రికార్డుల మీద ఆయన పేరు లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడి కథ. హార్మోనికాతో రైలు కూత, చక్రాల చప్పుడు, దూరంగా వెళ్లిపోతున్న రైలు, అన్నీ వినిపించేవాడు. 1927లో జార్జ్ హే ఆ కార్యక్రమానికి గ్రాండ్ ఓల్ ఓప్రీ అని పేరు పెట్టిన రాత్రి, కార్యక్రమంలో మొదట వాయించింది బెయిలీనే. 1941లో ఆయన్ని తీసేశారు. ఆ తర్వాత నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకుంటూ బతికాడు. 1982లో పోయాడు, కంట్రీ కళాకారుల్ని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2005లో. నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ మొదటి రికార్డులు 1966లో రేడియో స్టేషన్లకి పంపినప్పుడు ఫోటో లేకుండా పంపారు. 1971కల్లా ఆయనే కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్. "మా కాలంలో అందరం కలిసి ఉండేవాళ్లం" అని ఎవరైనా అంటే నేను గొడవపడను. బెయిలీ పేరు చెప్పి, ఆ రైలు పాట ఒకసారి వినమంటాను.

అపోహ: స్టీల్ గిటార్ అమెరికన్ పల్లె వాయిద్యం, దానికి ఏడుపు తప్ప ఏమీ రాదు

ఇది నా వాయిద్యం, కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను.

పుట్టింది హవాయిలో. 1880ల చివర్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు తీగల మీద ఇనప ముక్కని జార్చి వాయించడం మొదలుపెట్టాడని చెప్తారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్ తర్వాత ఆ హవాయి మోజు అమెరికా అంతా పాకింది. మన దేశానికీ వచ్చింది, మా అమ్మానాన్నల కాలం సినిమా పాటల్లో జారుతూ వినిపించే గిటార్ అదే. పెడల్స్ తర్వాత వచ్చాయి. 1954లో వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో బడ్ ఐజక్స్ తీగ మోగుతుండగానే పెడల్ నొక్కాడు. అది విని దేశంలో స్టీల్ వాయించేవాళ్లంతా తమ గిటార్లకి కడ్డీలు, స్ప్రింగులు బిగించుకోవడం మొదలుపెట్టారు.

ఎలా పనిచేస్తుందంటే, సంగీతం కాస్త తెలిసినవాళ్లు ఇలా ఊహించుకోండి. నా ముందు బల్ల లాంటి చట్రం మీద పది తీగలు. ఎడమ చేతిలో బరువైన స్టీల్ కడ్డీ, కుడి చేతి వేళ్లకి పిక్స్, ఎడమ పాదం కింద మూడు పెడల్స్, మోకాళ్ల పక్కన మీటలు, కుడి పాదం కింద వాల్యూమ్. మూడో గీత మీద కడ్డీ ఆనించి 3, 4, 5 తీగలు మీటాననుకోండి. స, గ, ప వస్తాయి. కడ్డీ కదపకుండా మొదటి రెండు పెడల్స్ కలిపి మెల్లగా నొక్కితే గ ఎక్కి మ అవుతుంది, ప ఎక్కి ధ అవుతుంది. స మాత్రం కదలదు. వీణ మీద తీగని పక్కకి లాగి గమకం పలికిస్తాం, అక్కడ ఆ ఒక్క తీగే వంగుతుంది. ఇక్కడ ఒక స్వరం ఉన్నచోటే నిలబడి మోగుతుంటే దాని రెండు పక్కలా రెండు స్వరాలు పైకి జారతాయి. ఆ స్థిరంగా ఉన్నదానికీ జారేదానికీ మధ్య రాపిడే జనం ఏడుపు అనేది. పెడల్ ఎంత నిదానంగా నొక్కాలన్నది ఎవరూ నేర్పలేరు. గాయకుడు ఊపిరి తీసుకునేది విని నొక్కాలి. నాకు ఆ ఒక్క పనికే ఆరేళ్లు పట్టింది.

సంతోషం కూడా వాయించొచ్చు దీని మీద. మెర్ల్ హాగర్డ్ రికార్డుల్లో రాల్ఫ్ మూనీ వాయించిన స్టీల్ వినండి, గంతులేస్తుంది.

అపోహ: జానీ క్యాష్ ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు

జైలు పాటలతో పేరుపొందిన గాయకుడు కాబట్టి అలా అనుకుంటారు, కానీ లేదు. కొన్నిసార్లు పట్టుకుని రాత్రికి లాకప్‌లో పెట్టారు, అంతే. జైలు శిక్ష నిజంగా అనుభవించింది హాగర్డ్, కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో. క్యాష్ అక్కడికి వచ్చి పాడినప్పుడు ఖైదీల్లో కూర్చుని విన్నాడు. 1972లో హాగర్డ్‌కి కాలిఫోర్నియా గవర్నర్ రీగన్ క్షమాభిక్ష ఇచ్చాడు. 1968 జనవరి 13న ఫోల్సమ్ జైల్లో క్యాష్ చేసిన రికార్డింగ్ గురించి కూడా ఒక మాట. 'ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్' పాటలో మనిషిని చంపానన్న వాక్యం దగ్గర ఖైదీలు కేకలు వేస్తారు కదా, అది తర్వాత స్టూడియోలో కలిపింది. నిజంగా ఆ క్షణంలో వాళ్లు కిక్కురుమనలేదు. నాకైతే ఆ నిశ్శబ్దమే ఎక్కువ నమ్మదగింది.

క్యాష్ 1956 నాటి పాటల్లో చిన్న డ్రమ్ లాంటి చప్పుడు వినిపిస్తుంది, డ్రమ్ కాదది. మీ ఇంట్లో గిటార్ ఉంటే చేసి చూడండి. ఒక కాగితాన్ని సన్నగా, పొడుగ్గా మడిచి, తీగలకి ఒకసారి పైనుంచి ఒకసారి కిందనుంచి నేతలాగా దూర్చండి. ఇప్పుడు కార్డ్ పట్టి కొట్టండి. స్వరం సగం చచ్చిపోయి చక్ చక్ మని వస్తుంది. వృద్ధాశ్రమాల్లో డ్రమ్స్ తీసుకెళ్లకూడదు, శబ్దం ఎక్కువ. మా గిటారిస్టు ఈ కాగితంతోనే నెట్టుకొస్తాడు.

అపోహ: ఇంటికి తిరిగెళ్లే సంతోషపు పాటలు

మన తెలుగువాళ్ల పిక్నిక్కుల్లో 'కంట్రీ రోడ్స్' పాడనిది ఉండదు. నేనూ పాడతాను. కానీ ఆ పాట మొదలైంది మేరీల్యాండ్‌లోని క్లాపర్ రోడ్డు మీద బిల్ డానాఫ్, టాఫీ నైవర్ట్ కారులో వెళ్తుంటే. తర్వాత జాన్ డెన్వర్‌తో కలిసి పూర్తి చేశారు. పాట పొగిడేది వెస్ట్ వర్జీనియా రాష్ట్రాన్ని, కానీ అందులో చెప్పిన కొండలూ నదీ ఎక్కువ భాగం దాని పక్క రాష్ట్రం వర్జీనియాలో ఉన్నాయి. అయినా 2014లో వెస్ట్ వర్జీనియా దాన్ని అధికారిక రాష్ట్ర గీతాల్లో చేర్చుకుంది, అది నాకు నచ్చిన విషయం.

'గ్రీన్ గ్రీన్ గ్రాస్ ఆఫ్ హోమ్' సంగతి వేరు. ఒక గృహప్రవేశంలో నన్ను అది వాయించమని అడిగారు. ఆ పాటలో ఊరికి తిరిగొచ్చినట్టు కల కన్నవాడు నిద్ర లేచేది జైలు గోడల మధ్య, తెల్లారితే మరణశిక్ష. చివరి భాగం ఎవరూ వినరు. నేను మెల్లగా చెప్పి వేరే పాట వాయించాను. అలాగే పెళ్లిళ్లలో అడిగే డాలీ పార్టన్ 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ', ఏడేళ్లు కలిసి పనిచేసిన గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షో వదిలి వెళ్లేటప్పుడు రాసిన వీడ్కోలు. భార్యాభర్తల పాట కాదు.

అపోహ: అప్పటి పాట స్వచ్ఛం, తర్వాతే కల్తీ అయింది

1950ల చివర్లో రాక్ అండ్ రోల్ దెబ్బకి చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ లాంటి నాష్‌విల్ రికార్డు నిర్మాతలు పల్లె పద్ధతి ఫిడిల్, స్టీల్ తగ్గించి మెత్తటి వయొలిన్ల బృందం, కోరస్ పెట్టారు. పాత శ్రోతలు చాలామంది దాన్ని కంట్రీయే కాదన్నారు. ప్యాట్సీ క్లైన్, జిమ్ రీవ్స్ పాటలు ఆ కల్తీలోంచి వచ్చినవే, ఇవాళ వాటినే క్లాసిక్ అంటున్నాం.

నేను సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. పక్కింటి ఆంగ్లో ఇండియన్ అంకుల్ ఇంజిన్ డ్రైవరు. డిసెంబర్ వచ్చిందంటే వాళ్లింట్లో జిమ్ రీవ్స్ క్రిస్మస్ రికార్డు, గోడ అవతల మా అమ్మ కూడా ఆ వరసలు కూనిరాగం తీసేది. "జిమ్ ఈసారి కొత్తది ఏం పాడాడు అంకుల్?" అని అడిగేవాణ్ణి. ఆయన చెప్పలేదు. రీవ్స్ 1964 జులై 31నే నాష్‌విల్ దగ్గర విమానం కూలి పోయాడు, అప్పటికి నేను పుట్టనేలేదు. ఆయన పోయాక కూడా దాచిన టేపులు ఏళ్ల తరబడి రికార్డులుగా వస్తూనే ఉన్నాయి. అంకుల్ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఆ రికార్డు మాకిచ్చింది. మా దగ్గర ప్లేయర్ లేదు. అమ్మ దాన్ని బీరువాలో చీరల మధ్య పెట్టింది.

అపోహ: మతిమరుపు వచ్చినవాళ్లకి పాత పాట వినిపిస్తే అన్నీ గుర్తొస్తాయి

వీడియోలు చూసి చాలామంది ఇలా ఆశపడతారు. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో చాలామందికి పాటల జ్ఞాపకం మిగతావాటికన్నా ఎక్కువకాలం నిలుస్తుంది, అది నిజం. జబ్బు మాత్రం నయం కాదు. పాట అయిపోయాక కూతురి పేరు మళ్లీ మరిచిపోవచ్చు.

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య విన్నవి గట్టిగా ఉంటాయి కాబట్టి వాళ్లు ఏ సంవత్సరంలో పుట్టారో అడిగి దానికి పదిహేను కలుపుతాను. 1940లో పుడితే 1955 చుట్టూ పాటలు. హ్యాంక్ విలియమ్స్, కిటీ వెల్స్, వెబ్ పియర్స్. వాల్యూమ్ తక్కువ, ఒక్కో పాట తర్వాత కొంచెం ఖాళీ. ఇంకొకటి, ముందు ఇంట్లోవాళ్లని అడగాలి. ఒకసారి హ్యాంక్ పాట మొదలుపెట్టగానే ముందు వరసలో పెద్దాయన రెండు చేతులతో చెవులు మూసుకుని వణికిపోయారు. వెంటనే ఆపేశాను. వాళ్ల అన్నయ్యని సాగనంపిన రోజు ఆ పాటే మోగిందని కొడుకు తర్వాత చెప్పాడు. అప్పట్నుంచి అడగకుండా ఏదీ వాయించను.

పోయిన నెల ఒక ఆశ్రమంలో రీవ్స్ 'హీల్ హావ్ టు గో' వాయించాను, పాట లేకుండా స్టీల్ ఒక్కటే. కిటికీ దగ్గర తొంభై దాటిన ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఒక్క మాట తప్పలేదు. అయిపోయాక నన్ను పిలిచి, "ఇది ఎక్కడ నేర్చుకున్నావు హనీ?" అంది.

"ఇండియాలో విన్నానమ్మా. మా ఇల్లు రైల్వే క్వార్టర్స్‌లో, పక్కింటి వాళ్ల రికార్డు."

"మా నాన్నది కూడా రైల్వేనే," అని నా చెయ్యి పట్టుకుని కాసేపు ఊరుకుంది. "రాత్రి ఆయన డ్యూటీ దిగొచ్చేటప్పుడు ఇదే పెట్టేదాన్ని, చిన్నగా. మళ్లీ వాయించు."