పది డాలర్ల సంతకం

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

"లింకన్ సంతకానికి అన్ని కోట్లా తాతయ్యా!" అని మొన్న ఫోన్లో నోరు వెళ్ళబెట్టారుగా. తీరిగ్గా చెబుతాను.

1863 జనవరి 1న, అమెరికాలో తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల్లోని బానిసలకు విముక్తి ప్రకటిస్తూ అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేశాడు. ఆ పొద్దుట కొత్త సంవత్సరం శుభాకాంక్షలకి వచ్చినవాళ్ళందరికీ గంటల తరబడి షేక్‌హ్యాండ్ ఇచ్చీ ఇచ్చీ ఆయన చెయ్యి మొద్దుబారింది. అక్షరం వణికితే 'వెనకాడాడు' అంటారని కలం కింద పెట్టి, కాసేపాగి నిదానంగా రాశాడట. ఎప్పుడూ 'ఎ. లింకన్' అని సరిపెట్టే మనిషి దానిమీద పేరంతా రాశాడు. ఆయన స్వదస్తూరీతో రాసిన ప్రతిని సైనికుల సహాయనిధి కోసం చికాగోలో అమ్మారు. 1871లో ఊరు తగలబడినప్పుడు అదీ కాలిపోయింది.

మీరు విన్న కోట్ల కాగితం వేరు. 1864లో ఫిలడెల్ఫియాలో, మళ్ళీ సైనికుల కోసమే, ఆ ప్రకటనను 48 ప్రతులు అచ్చేసి లింకన్‌తో సంతకాలు చేయించారు. ఒక్కో ప్రతి పది డాలర్లు. అప్పట్లో అన్నీ అమ్ముడుపోనేలేదు! వాటిలో ఒకప్పుడు రాబర్ట్ కెనెడీ (అధ్యక్షుడు జాన్ కెనెడీ తమ్ముడు) దగ్గరున్న ప్రతి 2010 వేలంలో 37 లక్షల డాలర్లు దాటింది, మన రూపాయల్లో కోట్లే.

నాకైతే వీటికన్నా పాత పోస్టు కవర్లే ఇష్టం. అప్పట్లో అమెరికా కాంగ్రెస్ (అంటే వాళ్ళ పార్లమెంటు) సభ్యుడు కవరు మీద సంతకం చేస్తే చాలు, పోస్టు ఖర్చు ఉండేది కాదు. అలాంటి కవర్ల మీద జాన్ క్విన్సీ ఆడమ్స్ సంతకం దొరుకుతుంది. అధ్యక్ష పదవి దిగాక మామూలు సభ్యుడిగా సభకొచ్చిన మనిషాయన. బానిసత్వం వద్దన్న అర్జీల్ని చర్చించకుండా పక్కన పడేసే నిబంధన ఉంటే, దానితో ఏళ్ళ తరబడి పోట్లాడి 1844లో రద్దు చేయించాడు. బానిసత్వం మంచిదేనని వాదించిన దక్షిణాది నేత కాల్హూన్ కవర్లూ దొరుకుతాయి. అవి కొనడం తప్పా అంటారేమో. నన్నడిగితే కొనాలి, ఆల్బమ్‌లో ఆడమ్స్ పక్కనే పెట్టాలి. లేకపోతే ఆయన ఎవరితో పోట్లాడాడో చూసేవాళ్ళకెలా తెలుస్తుంది?

కొనేముందు మాత్రం అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడగండి. జోసెఫ్ కోసీ అనేవాడు పాత కాగితాలు సంపాదించి లింకన్ దస్తూరీని అచ్చుగుద్దినట్టు దించేవాడు. ఇప్పుడు కోసీ దొంగ సంతకాలని తెలిసే, డబ్బిచ్చి మరీ కొనుక్కునేవాళ్ళున్నారు!

మీ
తాతయ్య